మంగు మీద మెరుపు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక చిట్యాల వస్తుంది. అక్కడి హోటళ్ల ముందు లారీ ఆపుకుని చాయ్ తాగే డ్రైవర్ల చేతులు గమనించండి. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లకు కుడి ముంజేయి ఎడమదానికన్నా నల్లగా, కాస్త మొరటుగా ఉంటుంది. చొక్కా చెయ్యి మడిచిన చోట గీత గీసినట్టు రంగు మారిపోతుంది. మన దగ్గర స్టీరింగు కుడివైపు. కిటికీ అంచు మీద రోజంతా వాలి ఉండేది ఆ చెయ్యే.

2012లో అమెరికాలోని 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒక ముఖం ఫొటో వేసింది. 28 ఏళ్లపాటు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి ముఖం అది. అక్కడ స్టీరింగు ఎడమవైపు కదా, ముఖంలో కుడి సగం వయసుకు తగ్గట్టే ఉంది. ఎడమ సగం మాత్రం లోతైన ముడతలు పడి జారిపోయింది. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకాన్ని చాలావరకు ఆపుతుంది, 'ఎ' రకాన్ని పెద్దగా ఆపదు. ఆ 'ఎ' కిరణాలు చర్మం లోపలిదాకా దిగి, దాన్ని బిగువుగా ఉంచే పోగులను ఏళ్ల తరబడి తినేశాయి.

ఇద్దరు డ్రైవర్ల మీదా పడింది ఒకే సూర్యుడి ఎండ. తెల్లతోలు ముడతలు పడింది, మన తోలు ముందు రంగు మారింది. కాంతితో ముఖం బాగుచేసే యంత్రాలు చాలావరకు తెల్లతోళ్ల మీద పుట్టి పెరిగినవి. అవే యంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌కో ఎల్బీనగర్‌కో వచ్చి, నల్లగొండ బస్సు దిగిన ఒక ఆడమనిషి చెంప మీది మంగును ఎదుర్కొన్నప్పుడు లెక్కలన్నీ తిరగరాసుకోవాల్సి వస్తుంది. ఎందుకో చూద్దాం.

నడినెత్తిన రెండుసార్లు

చిట్యాల ఉన్న అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. అంటే సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. హైదరాబాద్‌లో ఆ 'నీడ లేని రోజులు' మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో పడతాయి. చిట్యాలలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. మే సంగతి అందరికీ తెలుసు. ఆ వెనకే రోళ్లు పగిలే రోహిణి కార్తె వస్తుంది, మనుషులు నీడ పట్టున ఉంటారు. మనం ఏమరుపాటుగా ఉండేది ఆగస్టులో. ఆకాశం మొగులు పట్టి ఉంటుంది, చల్లగాలి తగులుతుంటుంది, పొలాల్లో నాట్లు జోరుగా సాగుతుంటాయి. మబ్బు వేడిని తగ్గిస్తుందే గానీ అతినీలలోహిత కిరణాల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని కిందికి వదులుతూనే ఉంటుంది. ఒంటికి ఎండ తెలియదు గనక తువ్వాల మెడలోకి జారుతుంది. వానాకాలం దాటేసరికి చెంపలు నల్లబడ్డాయంటే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగేది అదే.

ఈ నలుపు పేరు మెలనిన్. చర్మం పైపొర అడుగున ఉండే మెలనోసైట్లు దీన్ని చిన్నచిన్న గుళికలుగా తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకు పంచుతాయి. ఒక్కో మెలనోసైటు దాదాపు 36 కణాలకు రంగు సరఫరా చేస్తుంది. కణంలోకి చేరిన గుళికలు కేంద్రకానికి ఎండ తగిలే వైపునే పేరుకుని, లోపలి డీఎన్ఏకు అడ్డం నిలుస్తాయి. తెల్లవాళ్లకూ మనకూ మెలనోసైట్ల సంఖ్యలో పెద్ద తేడా లేదు. తేడా ముఖ్యంగా గుళికల సైజులో, అవి ఎంతసేపు చెదరకుండా నిలుస్తాయన్న దానిలో ఉంది.

ఈ రక్షణ దేనికోసం ఏర్పడిందన్న ప్రశ్నకు 2000లో శాస్త్రవేత్తలు నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ ఒక జవాబు ముందుకు తెచ్చారు. ఎండ ఎక్కువైతే రక్తంలోని ఫోలేట్ దెబ్బతింటుంది, అది తగ్గితే గర్భంలో బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడదు, కాబట్టి ఎండదేశాల్లో నల్లటి చర్మం నిలదొక్కుకుందని వాళ్ల వాదన. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇక మన దేశంలో ఒకే ఊళ్లో ఇన్ని ఛాయలెందుకన్నదానికి హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ కూడా పాలుపంచుకున్న 2013 నాటి అధ్యయనం ఒక దారి చూపింది. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు చర్మాన్ని తెల్లబరుస్తుంది. యూరప్ వాళ్లలోనూ మనలోనూ ఆ మార్పు ఒకే మూలం నుంచి వచ్చింది. పెళ్లిచూపుల్లో చామనఛాయ గురించి నడిచే మాటలకు వెనక ఉన్నది ఇంతే. చర్మరంగు జబ్బు కాదు, దాన్ని మార్చడం వైద్యం పనీ కాదు. 1975లో మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది, కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు.

జబ్బు అనదగ్గది మంగు. రెండు చెంపల మీద, నుదుటి మీద, పైపెదవి మీద ఎటుచూసినా ఒకేలా పరుచుకునే గోధుమ నలుపు. ఆడవాళ్లలో ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు మొదలవుతుంది, గర్భనిరోధక మాత్రలతో పెరుగుతుంది, కొన్ని ఇళ్లల్లో తల్లికీ బిడ్డకూ వస్తుంది. వీటన్నిటినీ రగిలించేది ఎండ. అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా మన రంగు చర్మాన్ని నల్లబరచగలదు. 2010లో ఒక ప్రయోగంలో మామూలు వెలుగునే చర్మం మీద పడనిచ్చారు. తెల్లతోళ్లలో ఏ మార్పూ లేదు, నల్లతోళ్లలో వచ్చిన నలుపు వారాల తరబడి పోలేదు. మెలనోసైట్లలో ఆప్సిన్-3 అనే ప్రొటీన్ నీలికాంతిని పసిగట్టి రంగు ఉత్పత్తిని పెంచుతుందని ఆ తర్వాత తేలింది. కంటి పొరలో వెలుగును పట్టే ప్రొటీన్ల కుటుంబానికే చెందింది అది. చర్మానికీ ఒకరకం చూపుందన్నమాట.

నల్లగా ఉన్నదల్లా మంగు అనుకుంటే మోసపోతాం. మెడ వెనక, చంకల్లో మఖమల్‌లా మందంగా వచ్చే నలుపుకు ఎండతో సంబంధం లేదు. అది తరచు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు. అక్కడ లేజరు కన్నా షుగరు పరీక్ష ముందు. నైలాన్ పీచుతో వీపు రుద్దీ రుద్దీ తెచ్చుకునే అలల అలల నలుపు ఇంకొకటి. దానికి మొదటి వైద్యం ఆ పీచును అవతల పారేయడం.

వెలుగు కత్తిగా మారిన కథ

కాంతితో చర్మానికి వైద్యం చేయడం కొత్త సంగతి కాదు. బొల్లికి బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టడం మన పాత వైద్యంలో ఉంది. ఆ గింజల్లోని సొరాలెన్ చర్మాన్ని కాంతికి లోబరుస్తుంది, తెల్లబడ్డచోట రంగు లేస్తుంది. డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ కాంతితో చర్మక్షయను నయం చేసి 1903లో నోబెల్ అందుకున్నాడు. 1960 మే 16న థియోడర్ మైమన్ కెంపు కడ్డీలోంచి మొదటి లేజర్ కిరణాన్ని రప్పించాడు. సిన్సినాటిలో లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు కొద్ది ఏళ్లలోనే దాన్ని మనిషి చర్మం మీద పరీక్షించాడు. నల్లటి మచ్చల మీద దాని ప్రభావం ఎక్కువని అప్పుడే కనిపించింది. కానీ మచ్చతో పాటు చుట్టుపక్కలా కాలకుండా చూసే నియమం తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ నియమాన్ని 1983లో 'సైన్స్' పత్రికలో పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ రాశారు. పారిష్ అంతకు ముందు, 1974లో, సొరాలెన్ మింగించి అతినీలలోహిత కాంతితో సోరియాసిస్ తగ్గించిన బృందంలో ఉన్నవాడు. ఇద్దరూ కాలాన్ని లెక్కలోకి తెచ్చారు. కాగిన పెనం దించితే చల్లారడానికి చాలాసేపు పడుతుంది, అందులోంచి చిట్లిన ఆవగింజ కిందపడేలోపే చల్లారుతుంది. వస్తువు ఎంత చిన్నదైతే అంత వేగంగా వేడిని వదిలేస్తుంది. మెలనిన్ గుళిక మిల్లీమీటరులో వెయ్యోవంతుకు మించదు, దాని వేడి సెకనులో పది లక్షలోవంతు లోపే చుట్టూ పాకిపోతుంది. కాబట్టి అంతకన్నా పొట్టి మెరుపుతో కొడితే వేడి బయటికి పాకేలోపే గుళిక పగిలిపోతుంది, పక్కనున్న కణజాలానికి తెలియదు. క్యూ-స్విచ్ లేజర్లు ఇచ్చే మెరుపు నిడివి సెకనులో వంద కోట్లోవంతులు అయిదో పదో, అంతే. పికో లేజర్లు అంతకన్నా పొట్టి. పగిలిన తునకలను తినే కణాలు వచ్చి ఎత్తుకెళ్లిపోతాయి.

ఇంకో సంగతి కాంతి రంగు. మెలనిన్ అన్ని రంగుల కాంతినీ పీల్చుకుంటుంది గానీ తరంగం పొడవు పెరిగేకొద్దీ పీల్పు పడిపోతుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని పీల్చుకున్నదాంతో పోలిస్తే 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని పీల్చేది సుమారు పదోవంతే. పొడవాటి తరంగం పైపొరను అంతగా కాల్చకుండా లోతుకు దిగుతుంది. మన చర్మానికి వైద్యులు ఎక్కువగా 1064 వైపు మొగ్గడానికి కారణం అదే.

చాలామంది 'లేజరు' అని పిలిచే ఐపీఎల్ అసలు లేజరే కాదు. 1990ల నడిమి నుంచి వాడకంలోకి వచ్చిన ఈ యంత్రంలో ఉండేది జినాన్ దీపం, అది ఒక్కసారి భళ్లున వెలుగుతుంది. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా అన్ని తరంగాలూ అందులో ఉంటాయి, పొట్టివాటిని ఆపడానికి ముందు ఒక ఫిల్టరు పెడతారు. పని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. ముఖం కడిగి, కళ్లకు ఉక్కు గిన్నెల్లాంటి మూతలు పెడతారు. చెంప మీద చల్లటి జెల్ మందంగా పూస్తారు. అగ్గిపెట్టె అంచంత వెడల్పుండే దీర్ఘచతురస్రపు గాజుపలక చర్మానికి ఆనించి బటన్ నొక్కుతారు. మూసిన రెప్పల వెనక కూడా తెల్లటి మెరుపు తెలుస్తుంది, రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, పైపెదవి దగ్గరైతే కాలిన వెంట్రుక వాసన వస్తుంది. పలకను ఒక్క గడి జరిపి మళ్లీ నొక్కుతారు. తెల్లచర్మం మీద ఎండకు లేచిన గోధుమ చుక్కలు మర్నాటికి ముదిరి, సన్నటి చెక్కులు కట్టి, వారం పదిరోజుల్లో రాలిపోతాయి. ఆ పనికి ఐపీఎల్ దివ్యమైన సాధనం, అందులో అనుమానం లేదు.

చిక్కు మన రంగు దగ్గర వస్తుంది. ఐపీఎల్ మెరుపు నిడివి మిల్లీసెకన్లలో ఉంటుంది, గుళికకు అది చాలా పొడవు. ఆ వేడి గుళిక దాటి కణమంతా, పైపొరంతా పాకుతుంది. తెల్లచర్మం పైపొరలో నల్లచుక్క తప్ప కాంతిని పీల్చేది వేరే ఏదీ పెద్దగా లేదు. మన చర్మంలో చుక్క చుట్టూ ఉన్న మామూలు రంగు కూడా పీలుస్తుంది. దీపం ఎవరిని కొట్టాలో తేల్చుకోలేదు. శక్తి ఎక్కువ పెడితే గాజుపలక ఆనిన చోటల్లా దీర్ఘచతురస్రాలు అచ్చుపడతాయి. మొదట ఎర్రగా, తర్వాత నల్లటి గడులుగా మిగులుతాయి. చర్మవైద్యుడు టామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు ఎలా స్పందిస్తుందన్న దాన్నిబట్టి చర్మాలను వర్గీకరించడం మొదలుపెట్టాడు, నల్లటి రకాలను ఆ పట్టికలో తర్వాత కలిపారు. ఇప్పుడు ఆరు తరగతులున్నాయి, మనలో ఎక్కువమంది నాలుగు అయిదుల్లో పడతారు. యంత్రంలో ఆ అంకె తప్పు నొక్కితే ముఖం దాన్ని నెలల తరబడి మోస్తుంది.

దీనికితోడు మన చర్మానికి ఒక అలవాటుంది. ఏ గాయమైనా, ఏ వాపైనా, మొటిమ గిల్లినా సరే, అది మానుతూ నల్లమచ్చ మిగులుస్తుంది. లేజరు దెబ్బ కూడా చర్మానికి గాయమే. మంగును కాల్చబోయి కొత్త నలుపు తెచ్చుకోవడం ఇలా జరుగుతుంది. దీన్ని తప్పించడానికి 1064 లేజరును తక్కువ శక్తితో పదేపదే వాడే 'టోనింగ్' పద్ధతి తూర్పు ఆసియాలో బాగా పాకింది, మన దగ్గరికీ వచ్చింది. సిట్టింగులు మరీ ఎక్కువైతే చర్మం మీద తెల్లటి చిన్న చుక్కలు లేస్తాయి. ఆ చుక్కలు మంగు కన్నా మొండివి.

మంగు విషయంలో అసలు బలహీనత మరోచోట ఉంది. లేజరు పగలగొట్టేది అప్పటికే తయారైన రంగును. తయారుచేసే మెలనోసైటు, దాన్ని రెచ్చగొట్టే హార్మోను, ఎండ ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే మంగు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, కొందరిలో ముందుకన్నా ముదురుగా. దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ 'నీవస్ ఆఫ్ ఓటా'. పుట్టుకతోనో యవ్వనంలోనో కంటి చుట్టూ ఒకవైపు బూడిదనీలం మచ్చ పరుచుకుంటుంది. అక్కడ రంగు కణాలు చర్మం లోతు పొరలో ఇరుక్కుని ఉంటాయి, క్రీములేవీ పనిచేయవు. క్యూ-స్విచ్ లేజరు కొన్ని సిట్టింగుల్లో దాన్ని చాలావరకు తుడిచేస్తుంది, సాధారణంగా తిరిగి రాదు. ఒకే యంత్రం ఒక మచ్చకు వరం, ఇంకో మచ్చకు జూదం. 'లేజరుతో మచ్చలు మాయం' అని బోర్డు రాసేవాళ్లు ఏ మచ్చో రాయరు.

మొదటి మందు తువ్వాల

క్లినిక్ గడప తొక్కేలోపే చాలా ముఖాలు సగం పాడై వస్తాయి. మెడికల్ షాపులో పేరు చెప్పి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబు పెద్ద కారణం. పూసిన కొద్ది రోజులకే ముఖం తేటపడుతుంది, పక్కింటావిడ పేరు అడిగి రాసుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి రక్తనాళాలు తేలతాయి, ఎండ సోకితే మంట, మొటిమలు, సన్నటి రోమాలు. మానేస్తే ముఖం ఎర్రబడి భగ్గుమంటుంది కాబట్టి మానలేరు. ఈ స్థితికి మన దేశపు చర్మవైద్యులు ఒక ప్రత్యేకమైన పేరే పెట్టారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపులు ఎన్నో మీ ఊళ్లో మీరే చూసుకోండి. గమ్మత్తేమిటంటే 1975లో చర్మవైద్యులు క్లిగ్మన్, విల్లిస్ రూపొందించిన మంగు మందులోనూ హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు స్టెరాయిడ్ ఉంది. ఇప్పటికీ వైద్యులు దాని వారసులనే రాస్తారు, కాకపోతే వారాలు లెక్కపెట్టి ఆపిస్తారు.

నిమ్మచెక్క రుద్దడం ఇంకో ఆపద. నకిరేకల్ వైపు నిమ్మతోటలకు కొదవ లేదు, చిట్కా చెప్పేవాళ్లకూ లేదు. బావంచాల్లో ఉన్న సొరాలెన్ జాతి పదార్థాలే నిమ్మ తొక్కలోనూ రసంలోనూ ఉంటాయి. రసం పూసుకుని ఎండలోకి వెళితే పొక్కులు లేచి, తర్వాత చుక్కలుచుక్కలుగా నల్లబడుతుంది.

ఇక పొలంలో పనిచేసే మనిషి సంగతి. లేజరు చేసిన డాక్టరు కొన్ని వారాలు ఎండలోకి పోవద్దంటాడు. కైకిలికి పోకపోతే పూట గడవని ఇంట్లో ఆ మాటకు అర్థం లేదు. నా మట్టుకు, ఆ మనిషి జాకెట్టులో దాచుకొచ్చిన డబ్బు యంత్రం మీద పెట్టించడం అన్యాయం అనిపిస్తుంది. ఆమె ఒంటి మీద అప్పటికే మంచి సాధనం ఒకటుంది. పత్తి ఏరేటప్పుడు, నాటు వేసేటప్పుడు ఈ ప్రాంతపు ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా తొడిగి, తలకు తువ్వాల చుడతారు. దట్టంగా నేసిన ముదురు రంగు గుడ్డ అతినీలలోహిత కిరణాలను బాగా ఆపుతుంది, పలచటి తెల్ల గుడ్డ అంత ఆపదు. నిజానికి ఎండకు కట్టే గుడ్డ విషయంలో ఈ పాత నల్లగొండ నేల పేరుమోసింది. చిట్యాలకు దూరం కాని పుట్టపాక నేతగాళ్ల తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలును నూనెలో, బూడిదనీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఎరుపు, నలుపు రంగుల్లో నేసే ఆ గుడ్డ ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డగా ఎగుమతయ్యేది. తువ్వాలను తలకు చుట్టి వదిలేయకుండా చెంపల మీదుగా కిందికి దించి కడితే మంగు పుట్టే చోట్లన్నీ దాదాపు కప్పుకుపోతాయి.

గుడ్డ కప్పని చోట సన్‌స్క్రీన్. డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకెను ఒక చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి కొలుస్తారు. జనం పూసేది అందులో సగమో పావో, కాబట్టి దక్కే రక్షణా అంతే. మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగున్న రకం మేలు. తెల్లటి రకాలు అతినీలలోహితాన్ని ఆపినా కనిపించే వెలుగును లోపలికి వదిలేస్తాయి. గోధుమ రంగుది రెంటినీ అడ్డుకుంటుంది. ఒట్టి ఎండనలుపైతే ఇంకేమీ అక్కర్లేదు, చర్మం పైపొర నెలా నెలన్నరలో తనను తాను మార్చుకుంటుంది.

ఇంత చెప్పాక కూడా లేజరు చేయించుకోవాలనుకునేవాళ్లు ఉంటారు, కొందరికి అది నిజంగా అవసరమే. వాళ్లు నార్కట్‌పల్లి కామినేని వైద్య కళాశాల ఆసుపత్రికో, ఉస్మానియాకో వెళ్లి చర్మవిభాగంలో ముందు మచ్చ పేరు తేల్చుకోవడం మంచిది. తర్వాత అడగాల్సింది టెస్ట్ ప్యాచ్. చెవి ముందో దవడ కిందో చిన్న చోట అనుకున్న శక్తితో రెండు మూడు మెరుపులు కొట్టించి ఆగాలి. ఎరుపు, బొబ్బ ఒకటి రెండు రోజుల్లో తెలిసిపోతాయి. మానిన గాయం నల్లబడుతుందా లేదా అన్నది తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ప్యాకేజీ డబ్బు ఈరోజే కట్టమనీ, మొదటి సిట్టింగు ఈరోజే చేసేద్దామనీ చెప్పేచోట ఆ ఆరు వారాలకు తావుండదు.